మోకీలు ఆపరేషన్ కుట్టు తడిగా ఉందా? మాత్ర వేయకండి, ఆపరేషన్ చేసిన డాక్టరుకి ఫోన్ చేయండి

మా అమ్మకి కుడి మోకీలు మార్పించి అప్పటికి తొమ్మిది రోజులు. విశాఖలో ఆపరేషన్ చేయించి, చీపురుపల్లి దగ్గర మా ఊరు తీసుకొచ్చేశాం. పొద్దున్న కట్టు మారుస్తుంటే గాజ్ గుడ్డ మీద రూపాయి బిళ్లంత తడి కనబడింది. లేత పసుపు రంగు, అంచున సన్నగా ఎరుపు. వాసన లేదు, జ్వరం లేదు. అమ్మయితే "ఏటీ కాదురా, చెమటయ్యుంటాది" అనేసింది. ఊళ్లో మందులిచ్చే ఆయన్ని పిలిస్తే చూసి ఏడు రోజులకి యాంటీబయాటిక్ మాత్రలిచ్చాడు. మూడో రోజుకి తడి ఆరిపోయింది, హమ్మయ్య అనుకున్నాం. మాత్రలు అయిపోయిన రెండు రోజులకి అదే చోట మళ్లీ తడి.

ఇరవయ్యో రోజున విశాఖ పట్టుకెళ్తే డాక్టరుగారు కుట్టు చూడకముందే అడిగిన మాట, "మాత్రలేమైనా వేశారా?" అమ్మ సంచిలోంచి ఖాళీ స్ట్రిప్ తీసి ఇచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి వేయకుండా ఆ రోజే వచ్చుంటే బాగుండేదమ్మా" అన్నారు. కోప్పడలేదు. ఆ మాటకి అర్థం నాకు తెలియడానికి ఇంకో నెల పట్టింది. మన శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో ఈ ఆపరేషన్ చేయించుకునేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు, ఇంటికొచ్చాక మేం చేసిన తప్పే చేస్తున్నవాళ్లనూ చూస్తున్నాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ మాత్ర ఎందుకు తప్పో చెబుతాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. చెరువు మెట్ల మీద పాచి చూశారు కదా. ఎన్ని బిందెల నీళ్లు పోసినా పోదు, చీపురో కొబ్బరి పీచో పెట్టి గట్టిగా రుద్దాలి. మోకీల్లో పెట్టిన లోహం మీద, ప్లాస్టిక్ మీద క్రిములు చేరితే సరిగ్గా అలాంటి జిగురు పొరే కట్టుకుంటాయి. డాక్టర్లు దాన్ని బయోఫిల్మ్ అంటారు. మన ఒంట్లో మాంసానికి రక్తం వెళ్తుంది, రక్తంతో పాటు మందు వెళ్తుంది, లోహానికి రక్తనాళాలు ఎక్కడివి? పైగా ఆ పొర లోపల ఉన్న క్రిమిని చంపడానికి మామూలుగా కావలసినదానికి వందల రెట్లు మందు కావాలి, అంత మందు మనిషికి ఇవ్వలేం. కాబట్టి మాత్ర వేస్తే పైపైన తిరిగే క్రిములు చచ్చి తడి ఆరుతుంది, లోపలిది అలాగే ఉండి పొరను ఇంకా గట్టి చేసుకుంటుంది. రెండో నష్టం ఇంకా పెద్దది. మాత్రలు వేశాక కీలులోంచి నీరు తీసి పరీక్షకు పంపితే అందులో చాలాసార్లు క్రిమి పెరగదు, ఏ క్రిమో తెలియదు, ఏ మందు పనిచేస్తుందో తెలియదు. మా అమ్మకి అదే అయింది, సూదితో తీసిన నీటిలో ఏమీ పెరగలేదు.

ఇది అందరికీ వస్తుందని భయపడొద్దు. మొదటిసారి మోకీలో తుంటో మార్పించుకున్నవాళ్లలో నూటికి ఒకరిద్దరికే ఇన్ఫెక్షన్ వస్తుంది. ఆ లెక్క కూడా ఊరికే తగ్గలేదు. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ 1960ల మొదట్లో తుంటి మార్పిడి మొదలుపెట్టినప్పుడు నూటికి ఏడుగురి దాకా వచ్చేది. ఆయన ఆపరేషన్ థియేటర్లో గాలిని వడగట్టడం, సర్జన్లు ఒళ్లంతా కప్పుకునే సూట్లు వేసుకోవడం లాంటివి ఒక్కొక్కటే పెట్టి, పదేళ్లలో నూటికి ఒకటి కంటే కిందకి దించారు. థియేటర్ సంగతి మన చేతిలో ఉండదు. ముందూ తర్వాతా ఇంట్లో జరిగేది మాత్రం మన చేతిలోనే ఉంది.

ఆపరేషన్‌కి రెండు మూడు నెలల ముందు నుంచే మొదలుపెట్టండి. షుగర్ ఉంటే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించండి, 7.5 – 8 దాటితే చాలామంది సర్జన్లు వాయిదా వేస్తారు, వేస్తే గొడవ పడకండి. పుచ్చిన పన్ను ఉంటే ముందే తీయించండి. మోకాల్లో ఇంజెక్షన్ చేయించుకుని ఉంటే, అది ఎవరిచ్చినా సరే, తేదీతో సహా చెప్పండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేసిన మూడు నెలల లోపు మోకీలు మారిస్తే ఇన్ఫెక్షన్ ఎక్కువగా వస్తుందని పరిశోధనల్లో తేలింది. మన వైపు సంతలో కూరగాయలు కొన్నంత తేలిగ్గా మోకాల్లో ఇంజెక్షన్లు చేయించేసుకుంటారు, తర్వాత చెప్పడానికి సిగ్గుపడి దాస్తారు. దాయకండి.

పొగ సంగతి. మన తీరం ఊళ్లలో పెద్దామ్మలు చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తారు, ఆడవాళ్లు కదా అని ఆస్పత్రిలో ఎవరూ అడగరు, వాళ్లూ చెప్పరు. పొగాకు వల్ల చర్మానికి వెళ్లే సన్న రక్తనాళాలు ముడుచుకుని కుట్టు మానడం ఆలస్యమవుతుంది. కనీసం నాలుగు వారాల ముందు మానిపించండి, మానడం కష్టం, తిట్టి కాదు, రోజూ పక్కన కూర్చుని మానిపించాలి.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు వాళ్లకి ఇంకో మాట. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, ఇలా ఏ ఊరైనా సరే, కీళ్ల డాక్టరు దగ్గరకి వెళ్లేటప్పుడు కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చేతిలో పట్టుకెళ్లండి, లేకపోతే చేయించండి. కిడ్నీ జబ్బు ఉంటే ఇన్ఫెక్షన్ అవకాశం పెరుగుతుంది, నొప్పి మాత్రలు కిడ్నీని ఇంకా పాడు చేస్తాయి, ఇన్ఫెక్షన్ వస్తే వాడే వాంకోమైసిన్, జెంటామైసిన్ లాంటి మందులు కిడ్నీ చూసి తూచి ఇవ్వాల్సినవి. మోకాళ్ల నొప్పికి ఏళ్ల తరబడి ఏ మాత్రలు మింగుతున్నారో ఆ స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసి పట్టుకెళ్లండి, పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ముక్కు లోపల స్టెఫైలోకోకస్ ఆరియస్ అనే క్రిమి చాలామందిలో ఊరికే కాపురం ఉంటుంది. 2010లో నెదర్లాండ్స్‌లో చేసిన పరిశోధనలో, ముక్కులో ఆ క్రిమి ఉన్నవాళ్లకి ముపిరోసిన్ ఆయింట్‌మెంట్, క్లోర్‌హెక్సిడిన్ సబ్బు కలిపి ఐదు రోజులు వాడితే, ఆస్పత్రిలో ఆ క్రిమితో వచ్చే ఇన్ఫెక్షన్లు నూటికి 7.7 నుంచి 3.4కి తగ్గాయి. మీ ఆస్పత్రిలో ఇలా చేస్తారా అని ఒక్క మాట అడగండి. ముందు రోజు రాత్రి సబ్బుతో ఒంటినిండా స్నానం చేయించండి. కాలి మీద వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో గీయకండి, కంటికి కనబడని గాట్లు పడతాయి, అవసరమైతే ఆస్పత్రిలోనే మెషిన్‌తో కత్తిరిస్తారు. కోత పెట్టే ముందు గంటలోపు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడాలి, అది వాళ్లు చూసుకుంటారు, మీకు పెన్సిలిన్ పడకపోతే మాత్రం ఎప్పుడు, ఏమైందో వివరంగా చెప్పండి. ఎప్పుడో దురద వచ్చిందని "పడదు" అనేస్తే మంచి మందు మానేసి దానికంటే తక్కువ పనిచేసేది ఇస్తారు.

ఇక పత్యం. దీని మీద మా ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. ఆపరేషన్ అయిన మనిషికి పప్పు పెడితే చీము పడుతుంది, గుడ్డు పెడితే కుట్టు మానదు, చేప వాతం, వంకాయ దురద, పెరుగు జలుబు. మా మేనత్త వచ్చి వారం రోజులు అమ్మకి మిరియాల చారు, బీరకాయ కూర, అంతే పెట్టింది. ప్రేమతోనే పెట్టింది, ఆవిడ కాన్పులప్పుడు ఆవిడకీ అలాగే పెట్టారు. కానీ చర్మం అతుక్కోవాలన్నా, క్రిమితో పోరాడాలన్నా ఒంటికి కావలసింది మాంసకృత్తులు. రక్తంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు డెసిలీటరుకి 3.5 గ్రాముల కంటే తక్కువ ఉన్నవాళ్లకి కుట్టు ఇబ్బందులు, ఇన్ఫెక్షన్లు ఎక్కువ వస్తాయని ఎన్నో పరిశోధనలు చెబుతున్నాయి. పప్పు వల్ల చీము పట్టదు, క్రిమి వల్ల పడుతుంది. రోజుకి రెండు గుడ్లు, కందిపప్పు, పాలు పెరుగు, తినేవాళ్లయితే చేప, ఆపరేషన్‌కి నెల ముందు నుంచే పెట్టండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి మాత్రం ఎంత పెట్టాలో డాక్టరునే అడగాలి. మేనత్తకి నేను చెప్తే వినలేదు, డాక్టరుగారి చేత ఫోన్లో చెప్పిస్తే ఆ సాయంత్రమే గుడ్డు ఉడకబెట్టింది. మీరూ అలాగే చేయండి, పెద్దవాళ్లతో వాదన పెట్టుకోకండి.

ఇంటికొచ్చాక రోజూ ఒకే వేళకి, ఒకే వెలుగులో, కుట్టుకి ఒక ఫొటో తీయండి. మాకు కిటికీ పక్కన పొద్దున్న ఎనిమిదింటికి వెలుగు బాగుండేది. నిన్నటి ఫొటో పక్కన పెట్టి చూస్తే ఎరుపు పెరిగిందో తగ్గిందో మీకే తెలుస్తుంది, డాక్టరుకి వాట్సాప్‌లో పంపడానికీ పనికొస్తుంది. ఎరుపు ఉంటే దాని అంచు వెంట బాల్‌పెన్‌తో గీత గీయండి, మర్నాటికి ఎరుపు గీత దాటితే అది కబురు చేయాల్సిన విషయం. మోకాలు వెచ్చగా ఉండటం మాత్రం కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు మామూలే, దానికే టెన్షన్ పడొద్దు. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరగడం, రాత్రి పడుకున్నా నొప్పి, నిన్న వంగిన కాలు ఇవాళ వంగకపోవడం, కుట్టు విడిపోవడం, ఇవి గుర్తులు. జ్వరం రాలేదు కదా అని ఆగకండి, చాలామందికి జ్వరం రానే రాదు.

కుట్టు మీద పసుపు, కొబ్బరినూనె, పసరు, పౌడరు, ఏదీ వద్దు. మా అమ్మకి ఆపరేషన్ కార్తీక మాసంలో పడింది, నదీస్నానం లేకపోతే ఎలా అని ఒకటే బాధ. కుట్టు పూర్తిగా మూసుకుని, డాక్టరు సరే అనేదాకా నాగావళి అయినా వంశధార అయినా ఊరి చెరువైనా దిగకూడదు. తులసికోట దగ్గర కుర్చీ వేసి దీపం పెట్టించాం, శాంతించింది.

ఇప్పుడు అసలు విషయం, తడి. మొదటి రెండు మూడు రోజులు కొద్దిగా తడి మామూలే. మూడు రోజులు దాటినా తడుస్తూ ఉంటే, లేదా ఆరిపోయిన కుట్టు మళ్లీ తడిస్తే, అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టరుకి ఫోన్ చేయండి. డిశ్చార్జ్ అయ్యేటప్పుడే "రాత్రిపూట ఎవరికి చేయాలి" అని అడిగి ఆ నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి. దగ్గర్లో ఎవరైనా మాత్రలిస్తానంటే, "ఆపరేషన్ చేసినాయన నీరు తీసేదాకా వేయొద్దన్నారు" అని గట్టిగా చెప్పండి, మొహమాటపడకండి. ఒక్క మినహాయింపు. చలి వణుకుతో పెద్ద జ్వరం, మత్తుగా ఉండటం, బీపీ పడిపోవడం ఉంటే అది రక్తంలోకి పాకిన ఇన్ఫెక్షన్ కావచ్చు, అప్పుడు నీరు, పరీక్ష అని ఆగకుండా దగ్గర్లో ఉన్న పెద్దాస్పత్రికి వెంటనే తీసుకెళ్లాలి.

అక్కడ ఏం చేస్తారో తెలిస్తే మీకు కంగారు తగ్గుతుంది. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ అనే రక్త పరీక్షలు చూస్తారు. ఆపరేషన్ వల్లే సీఆర్‌పీ రెండు మూడు రోజులకి బాగా పెరిగి తర్వాత వారాల్లో దిగుతుంది, కాబట్టి ఒక అంకె చూసి ఏడవకండి, దిగుతోందా ఎక్కుతోందా అన్నదే చూస్తారు. తర్వాత సూదితో కీలులోంచి నీరు తీస్తారు, ఇదే ముఖ్యం. పైన కుట్టు మీద దూది పుల్ల అద్ది పంపే పరీక్షలో ఎక్కువగా చర్మం మీద క్రిములే వస్తాయి, దాన్ని నమ్మి మందు మొదలుపెట్టకూడదు. నీటిలో తెల్లకణాలు మైక్రోలీటరుకి, ఆపరేషన్ అయిన ఆరు వారాల లోపయితే 10,000, ఆ తర్వాతయితే 3,000 దాటితే అనుమానం బలపడుతుంది. ల్యాబ్‌లో ఆ నీటిని కొన్నిసార్లు రెండు వారాల దాకా ఉంచుతారు, కొన్ని క్రిములు అంత నిదానంగా పెరుగుతాయి, రిపోర్టు ఏదని రోజూ తిరక్కండి.

మా అమ్మకి ఇరవై రెండో రోజున మోకాలు మళ్లీ తెరిచారు. లోపల బాగా కడిగి, చెడ్డ కండ తీసేసి, మధ్యలో ఉండే ప్లాస్టిక్ ముక్క మార్చి, లోహం మాత్రం ఉంచేశారు. లోహం కదలకుండా ఉండి, ఇన్ఫెక్షన్ మొదలై మూడు వారాలు దాటకపోతేనే ఇలా కడిగి ఉంచడం బాగా పనిచేస్తుందట. మేం ఇంకో పది రోజులు మాత్రలతో నెట్టుకొచ్చి ఉంటే ఆ అవకాశం పోయేది, అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడ. లోపల ఆరు చోట్ల నుంచి ముక్కలు తీసి పంపితే రెండింటిలో ఒకే క్రిమి పెరిగింది, ముక్కులో కాపురం ఉంటుందని పైన చెప్పిన స్టెఫైలోకోకస్ ఆరియస్. ఒక్కదాంట్లోనే పెరిగితే పొరపాటున అంటుకుందేమో అనుకుంటారు, రెండింటిలో అదే వస్తే ఇక ఖాయం. అందుకే అన్ని చోట్ల నుంచి తీస్తారు.

ఆలస్యమైతే లోహం అంతా తీసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మ పెట్టి, వారాల తరబడి మందులిచ్చి, తర్వాత ఇంకో ఆపరేషన్‌లో కొత్తది పెడతారు. కొందరికి తీయడం, పెట్టడం ఒకే ఆపరేషన్‌లో చేస్తారు, 2022లో వచ్చిన బ్రిటన్ పరిశోధనలో తుంటి విషయంలో ఏడాదిన్నర తర్వాత రెండు పద్ధతుల ఫలితమూ ఒకేలా ఉంది. ఏది అన్నది క్రిమిని బట్టి, చర్మం ఎలా ఉందన్నదాన్ని బట్టి సర్జన్ తేలుస్తారు. ఖర్చు సంగతి కూడా ముందే కదపండి, ఎన్టీఆర్ వైద్య సేవలో (పాత పేరు ఆరోగ్యశ్రీ) ఏది వస్తుందో ఏది రాదో ఆస్పత్రిలో ఆ పథకం చూసేవాళ్ల దగ్గర రాతపూర్వకంగా తెలుసుకోండి.

మందులు ఎన్నాళ్లు? ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా జారిపోతారు. ఫ్రాన్స్‌లో సుమారు నాలుగు వందల మంది మీద చేసి 2021లో ప్రకటించిన పరిశోధనలో, ఆరు వారాలు మందులు వాడినవాళ్లలో నూటికి 18 మందికి ఇన్ఫెక్షన్ పోలేదు, పన్నెండు వారాలు వాడినవాళ్లలో తొమ్మిదిమందికే పోలేదు. అంటే సగానికి సగం. కుట్టు బాగానే ఉంది కదా అని నెలన్నరకి ఆపేయకండి. అన్నాళ్లూ ఇంజెక్షన్లేనా అని కూడా భయపడకండి, 2019లో బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా ఎముకల, కీళ్ల ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ల మీద చూస్తే, మొదటి ఆరు వారాల్లో సరైన మాత్రలు కూడా ఇంజెక్షన్లంత పనిచేశాయి. సరైన మాత్రలు అంటే క్రిమి ఏదో తెలిశాక ఎంచినవి, మేం తొమ్మిదో రోజున వేసినలాంటివి కాదు.

అమ్మకి ఇచ్చినవాటిలో రిఫాంపిసిన్ ఒకటి. జిగురు పొరలోకి వెళ్లగలిగే మందుల్లో అది ముఖ్యమైనది, కానీ ఒంటరిగా వేస్తే క్రిమి త్వరగా దానికి లొంగడం మానేస్తుంది, అందుకే ఎప్పుడూ ఇంకో మందుతో జతగా ఇస్తారు. రెండు మాత్రల్లో ఒకటి అయిపోతే రెండోది ఒక్కటే వేసుకుంటూ కూర్చోకండి, అదే రోజు తెచ్చుకోండి. ఇది మొదలుపెట్టిన రోజు అమ్మ బాత్రూమ్‌లోంచి కేక వేసింది, "ఒరే నాన్నా, ఒంటేలుకి రగతం పడిపోతందిరా!" రక్తం కాదు, ఆ మందు రంగే అంత, మూత్రం, చెమట, కన్నీళ్లు కూడా ఎర్రబడతాయి. ముందే చెప్పి పెట్టండి. టీబీకి వాడేదీ ఇదే మందు కాబట్టి మా వీధిలో అమ్మకి టీబీ అని పుకారు లేచింది, రెండు వారాలు ఎవరూ గుమ్మం ఎక్కలేదు, ఆ బాధ మోకాలి నొప్పి కంటే ఎక్కువైంది ఆవిడకి. రక్తం పలచబరిచే మందులు, షుగర్, బీపీ మాత్రల పనిని కూడా ఇది తగ్గిస్తుంది, అన్నీ డాక్టరుకి చెప్పాలి. కళ్లు పచ్చబడినా, అన్నం సహించకపోయినా లివర్ పరీక్ష చేయించాలి.

ఇదంతా అయి రెండేళ్లు. అమ్మ నడుస్తోంది, మెట్లెక్కుతోంది. కానీ పెట్టిన కీలుకి ఎప్పుడైనా, ఏళ్ల తర్వాతైనా, ఒంట్లో ఇంకో చోట పుట్టిన చీము రక్తం ద్వారా వెళ్లి పట్టుకోవచ్చు. మనవాళ్లకి అది ఎక్కువగా పాదాల నుంచే వస్తుందని నా భయం. ఉభాల కాలంలో, అంటే వరి నాట్లప్పుడు, రోజంతా బురదలో నిలబడితే వేళ్ల సందులు పాసిపోతాయి, మడమలు పగిలి నెత్తురు కారతాయి. పలాస వైపు జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల చేతులు చూడండి, జీడి నూనెకి తోలు ఊడిపోయి ఉంటుంది. ఆ పనులు మానమని నేను చెప్పలేను. చేతులకి తొడుగులు వేసుకోండి, పుండు పడితే అది మానేదాకా శుభ్రంగా కప్పి ఉంచండి, చీము పడితే, మూత్రంలో మంటతో జ్వరం వస్తే డాక్టరుకి చూపించి "నాకు మోకీలు మార్చారు" అని ముందుగా చెప్పండి. పన్ను తీయించుకున్న ప్రతిసారీ యాంటీబయాటిక్ వేసుకోవాలని కొందరు అంటారు, ఇప్పుడు చాలామందికి అది అక్కర్లేదంటున్నారు, రోజూ పళ్లు శుభ్రంగా తోముకోవడమే ఎక్కువ పని చేస్తుంది.

అమ్మ డిశ్చార్జ్ కాగితం, కీలు డబ్బా మీద ఉండే స్టిక్కరు, క్రిమి పేరున్న ల్యాబ్ రిపోర్టు మూడూ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి బియ్యం డబ్బా పక్కన మేకుకి తగిలించాం, నేను ఇంట్లో లేకపోయినా ఎవరైనా తీసుకెళ్లేలా. రోజూ రాత్రి పడుకునే ముందు అమ్మ కాళ్లు కడుక్కుని పాత చీర గుడ్డతో వేళ్ల సందులన్నీ తుడుచుకుంటుంది, మా అమ్మాయి ఫోన్ టార్చి వేసి మడమలు చూసి, పగుళ్లుంటే వ్యాజిలిన్ రాసి పడుకోబెడుతుంది.